డొనడోని అని ఒక వింగర్ ఉండేవాడు

ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో ఫుట్‌బాల్ చూసినవాళ్లు ఇద్దరు కలిస్తే మాట ఇటలీ క్లబ్ మిలాన్ దగ్గరికి రాక మానదు. వచ్చిందా, ఇంక వరసగా పేర్లు. గులిట్, వాన్ బాస్టెన్, రైకార్డ్, బరేసి, మాల్దీని. కాస్త ఎక్కువ చూసినవాళ్లైతే అంచెలోట్టి, కొస్టాకుర్టా కూడా అంటారు. నేను మాత్రం ఎవరో ఒకరు ఆ టీమ్ వింగర్, అంటే మైదానం అంచున ఆడే రాబర్టో డొనడోని పేరెత్తుతారేమో అని చూస్తుంటాను, ఎవరూ ఎత్తకపోతే నేనే ఎత్తుతాను. "ఆఁ, ఆయనా, నేపుల్స్ లో పెనాల్టీ పోగొట్టినాయన కదా" అంటారు. ఇన్నేళ్లుగా ఇదే జవాబు. ఆరు ఇటలీ లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు (యూరప్ క్లబ్బులకి అన్నిటికంటే పెద్ద కప్పు) ఇంటికి తీసుకెళ్లిన మనిషిని ఒక్క పెనాల్టీతో గుర్తుపెట్టుకోవడం నాకు ఎప్పుడూ మనసుకి కష్టంగానే ఉంటుంది. అందుకే ఇవాళ తీరిగ్గా రాద్దామని కూర్చున్నా, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

నేను అతన్ని మొదటిసారి చూసింది 1990 వరల్డ్ కప్ లో. అప్పుడు మేం సికింద్రాబాద్ మెట్టుగూడ వైపు రైల్వే క్వార్టర్స్ లో ఉండేవాళ్లం. దూరదర్శన్ లో మ్యాచ్‌లు లైవ్ వచ్చేవి, మన టైమ్ ప్రకారం కొన్ని రాత్రి ఎనిమిదిన్నరకి, కొన్ని పదకొండున్నర తర్వాత. మా ఇంట్లో చిన్న బ్లాక్ అండ్ వైట్ సాలిడేర్ టీవీ, గాలొస్తే యాంటెన్నా తిరిగిపోయేది, ఇద్దరు లోపల కూర్చుంటే ఒకడు డాబా మీద ఉండాల్సిందే. నాకు ఆట చూడడం నేర్పింది మా బాబాయ్. బాబాయ్ చిన్నప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆట చూసి పెరిగాడు, ఆ టీమ్ కోచ్ రహీం సాబ్ పేరు చెప్తే ఇప్పటికీ కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు, తను కూడా రైల్వే గ్రౌండ్ లో లెఫ్ట్ వింగ్ ఆడినవాడు. నేను, పక్కింటి పిల్లలు అందరం గోల్ ఎవరు కొడతారా అని ఇటలీ స్ట్రైకర్ స్కిలాచినే చూస్తుంటే బాబాయ్ ఒకటే మాట అనేవాడు, "బాల్ దగ్గరున్నోణ్ణి అందరూ చూస్తార్రా, బాల్ రాకముందు ఎవడు ఎక్కడ నిలబడ్డాడో చూడు" అని. అలా చూడబట్టే డొనడోని నా కంట్లో పడ్డాడు.

సన్నగా ఉండేవాడు, ఉంగరాల జుట్టు, చొక్కా ఒంటి మీద వేలాడినట్టు ఉండేది. టచ్‌లైన్ కి ఆనుకుని నిలబడేవాడు, దాదాపు బయట ఉన్నాడా లోపల ఉన్నాడా అన్నట్టు. బాల్ వచ్చేది. ఆపేవాడు. డిఫెండర్ ఎదురుగా వచ్చి రెండడుగుల దూరంలో ఆగేవాడు, ఎందుకంటే ఇతను కుడికాలితో బయటికెళ్తాడో ఎడమకాలితో లోపలికొస్తాడో తెలీదు, రెండు కాళ్లూ సమానంగా ఆడేవి. ఆ అర సెకను ఆగడం ఉంది చూశారూ, అదే అతని ఆట మొత్తం. భుజం కొంచెం వంచేవాడు, డిఫెండర్ బరువు ఒక కాలి మీదికి పోయేది, అంతే, పక్కనుంచి వెళ్లిపోయేవాడు. పరుగులో అతనికంటే వేగంగా ఉరికేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ ఆగిన చోటునుంచి కదలడంలో అంత చక్కగా కదిలినవాణ్ణి నేను తక్కువ చూశాను. ఇంకోటి, బాల్ పోతే అక్కడే చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడే రకం కాదు, వెనక్కి తన ఫుల్‌బ్యాక్ దాకా ఉరికొచ్చేవాడు. వింగర్లలో అలాంటివాళ్లు అప్పట్లో అరుదు. బాబాయ్ కి అతని పేరు నోరు తిరిగేది కాదు, "ఆ సన్నటోడు" అనేవాడు, మా ఇంట్లో చివరిదాకా అదే పేరు ఉండిపోయింది.

తర్వాత్తర్వాత చదివి తెలుసుకున్నవి చాలా. పుట్టింది 1963 సెప్టెంబర్ 9న, ఉత్తర ఇటలీలో బెర్గామో పక్కన చిసానో బెర్గమాస్కో అనే చిన్న ఊళ్లో. బెర్గామో క్లబ్ అంటే అటలాంటా, కుర్రాళ్లని తయారుచెయ్యడంలో ఇప్పటికీ పేరున్న క్లబ్. 1982 నుంచి అక్కడ సీనియర్ టీమ్ లో ఆడాడు, అప్పుడు వాళ్లు సెకండ్ డివిజన్, అంటే సెరీ బి లో ఉన్నారు. 1984లో ఆ డివిజన్ గెలిచి పై డివిజన్ సెరీ ఆ కి ఎక్కారు. ఇంకో రెండేళ్లకి, 1986లో, మిలాన్ తీసుకుంది.

ఆ 1986 ఏంటో కొంచెం చెప్పాలి, లేకపోతే ఇతను ఎంత ముందు వచ్చాడో అర్థం కాదు. మిలాన్ అప్పటికి పెద్ద పేరు, చేతిలో ఏమీ లేదు అన్నట్టుండేది, ఆ కొన్నేళ్లకి ముందే రెండుసార్లు సెరీ బి కి పోయి వచ్చింది, ఒకసారి బెట్టింగ్ కుంభకోణంలో కిందికి దించేశారు, ఇంకోసారి ఆట బాగాలేక తనే పడిపోయింది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో టీవీ వ్యాపారి సిల్వియో బెర్లుస్కోనీ కొన్నాడు. జులైలో కొత్త టీమ్ ని జనానికి చూపించడానికి మిలాన్ సిటీలోని పాత అరేనాలో హెలికాప్టర్లు దింపాడు, లౌడ్‌స్పీకర్లలో వాగ్నర్ సంగీతం, వాటిలోంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే దిగడం. అలా దిగినవాళ్లలో మస్సారో, గోల్‌కీపర్ జొవాన్నీ గల్లీతో పాటు మన డొనడోని ఉన్నాడు. 22 ఏళ్లు. గులిట్, వాన్ బాస్టెన్ రావడానికి ఇంకా ఏడాది ఉంది. రైకార్డ్ అయితే రెండేళ్ల తర్వాత. కోచ్ అర్రిగో సక్కీ కూడా 1987లోనే వచ్చాడు. అంటే ఆ గొప్ప టీమ్ కి పునాది వేసిన మొదటి కొనుగోళ్లలో ఇతను ఒకడు, ఈ సంగతి చాలామందికి తెలీదు.

సక్కీ సిస్టమ్ గురించి పుస్తకాలకి పుస్తకాలు ఉన్నాయి, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఒక్కటి మాత్రం. డిఫెన్స్ లైన్ కీ ముందు స్ట్రైకర్ కీ మధ్య దూరం చాలా తక్కువ ఉంచి, టీమ్ మొత్తం కలిసి ముందుకీ వెనక్కీ జరగాలి, బాల్ పోగానే అందరూ మీద పడాలి. అలాంటి దాంట్లో పక్కన ఆడేవాడికి చాకిరీ ఎక్కువ, పేరు తక్కువ. ఎక్కువ కుడివైపు, అవసరమైతే ఎడమవైపు, డొనడోని అది పదేళ్లు చేశాడు. మొదటి లీగ్ 1988లో వచ్చింది.

ఆ ఏడాది చివర బెల్‌గ్రేడ్ సంగతి. ఇది రాసేటప్పుడు ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. యూరోపియన్ కప్ సెకండ్ రౌండ్, బెల్‌గ్రేడ్ క్లబ్ రెడ్ స్టార్ తో. మిలాన్ సొంత గ్రౌండ్ శాన్ సిరోలో మొదటి మ్యాచ్ 1-1. నవంబర్ 9న బెల్‌గ్రేడ్ లో రెండోది, రెడ్ స్టార్ కుర్రాడు సవిచెవిచ్ గోల్ కొట్టి 1-0 చేశాడు, మిలాన్ పని దాదాపు అయిపోయింది. అప్పటికే పొగమంచు, రాన్రానూ దట్టమైపోయి ఇంక ఏమీ కనపడట్లేదు, రిఫరీ మ్యాచ్ ఆపేశాడు. రూల్ ప్రకారం మర్నాడు మొదట్నుంచీ మళ్లీ ఆడాలి, ఆ గోల్ లెక్కలోకి రాదు. మర్నాడు వాన్ బాస్టెన్ ఒకటి, రెడ్ స్టార్ తరఫున స్టోయ్‌కోవిచ్ ఒకటి. ఆ ఆటలోనే రెడ్ స్టార్ డిఫెండర్ ఒకడు గట్టిగా తగిలేసరికి డొనడోని కింద పడిపోయాడు, స్పృహ లేదు, శ్వాస ఆడట్లేదు. దవడ బిగుసుకుపోయింది. రెడ్ స్టార్ వాళ్ల డాక్టర్ అక్కడికక్కడే ఆ దవడ విరిచి గాలి లోపలికి పోయే దారి చేశాడు, అందుకే బతికాడు. ఎదుటి టీమ్ డాక్టర్. గ్రౌండ్ లో తోటివాళ్లు ఏడుస్తున్నారు, కొంతమంది చనిపోయాడనే అనుకున్నారట. తర్వాత ఆట సాగింది, పెనాల్టీల్లో మిలాన్ 4-2తో గెలిచింది, గల్లీ రెండు ఆపాడు. డొనడోని హాస్పిటల్లో ఉన్నాడు.

ఆ గెలుపు లేకపోతే మిగతా కథ లేదు కదా. తర్వాత 1989 ఏప్రిల్ 19, సెమీఫైనల్, శాన్ సిరోలో రియల్ మాడ్రిడ్ మీద 5-0. మాడ్రిడ్ అంటే వరసగా స్పెయిన్ లీగ్ గెలుస్తున్న టీమ్, బుట్రగెన్యో, ఊగో సాంచెస్ ఉన్న టీమ్. అంచెలోట్టి ఒకటి, రైకార్డ్ ఒకటి, గులిట్ ఒకటి, వాన్ బాస్టెన్ ఒకటి, ఐదోది డొనడోని. దవడ విరిగిన నవంబర్ నుంచి ఏప్రిల్ కి ఎన్నాళ్లు? ఐదు నెలలు. ఆ ఐదో గోల్ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మే నెలలో బార్సిలోనాలో ఫైనల్, స్టెవా బుకరెస్ట్ మీద 4-0, గులిట్ రెండు, వాన్ బాస్టెన్ రెండు. పోస్టర్లు వాళ్లవే వచ్చాయి, రావాల్సిందే కూడా, కాదనను. మా క్లాసులో ఒకబ్బాయి స్పోర్ట్‌స్టార్ లోంచి గులిట్ బొమ్మ కత్తిరించి అట్ట మీద అంటించుకున్నాడు. నేను డొనడోని కోసం పాత కాగితాలమ్మే అతని దగ్గర కూర్చుని సంచికలు తిరగేసేవాణ్ణి, దొరికితే ఎవరో గోల్ కొట్టి ఎగురుతున్న ఫొటోలో పక్కన సగం కనపడేవాడు.

ఇంక నేపుల్స్. 1990 జులై 3, సెమీఫైనల్, అర్జెంటీనా. మనకి రాత్రి పదకొండున్నరకి మొదలు. ఇటలీ అప్పటిదాకా ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, గోల్‌కీపర్ జెంగా 517 నిమిషాలు గేటు మూసేశాడు. ఆడేదేమో నేపుల్స్ లో, అక్కడి క్లబ్ కే ఆడే మారడోనాకి సొంత ఊరు లాంటిది, అతను ముందే నేపుల్స్ జనాన్ని మా వైపు ఉండండని అడిగాడు, దేశమంతా ఒకటే గొడవ. 17వ నిమిషంలో స్కిలాచి. మా వీధి అంతా అరుపులు. రెండో హాఫ్ లో కనీజియా తలతో గోల్, 1-1. ఎక్స్‌ట్రా టైమ్ అయ్యేసరికి అర్ధరాత్రి దాటి చాలాసేపైంది, మా అమ్మ రెండుసార్లు వచ్చి టీవీ కట్టెయ్యమంది, బాబాయ్ "వదినా, ఒక్క పదినిమిషాలు" అని బతిమాలాడు. పెనాల్టీలు. బరేసి కొట్టాడు, బాజ్జో కొట్టాడు, డి అగొస్టీని కొట్టాడు. అర్జెంటీనా కూడా మూడూ కొట్టింది. నాలుగోది డొనడోని. గొయ్‌కోచియా ఆపేశాడు. ఈ గొయ్‌కోచియా అసలు రెండో గోల్‌కీపర్, మొదటివాడు పుంపిడోకి ఇదే నేపుల్స్ లో కాలు విరిగితే లోపలికి వచ్చినవాడు. వెంటనే మారడోనా వచ్చి గోల్ కొట్టాడు, తర్వాత సెరేనాది కూడా ఆపేశాడు, అయిపోయింది.

డొనడోని అక్కడే కూలబడిపోయాడు, లేచి నడిచాడు, మొహం మాత్రం నాకు బ్లాక్ అండ్ వైట్ లోనే గుర్తుంది. మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పిల్లల్లో ఒకడు "వాడివల్లే పోయింది" అన్నాడు, బాబాయ్ వాడికేసి చూసి, "నాలుగోది కొడతానని ముందుకొచ్చినోడికి ధైర్యం ఉందిరా, నువ్వూ నేనూ కొట్టగలమా" అన్నాడు. ఎవరికీ నిద్ర పట్టలేదు. పొద్దున స్కూల్ లో అందరూ మారడోనా గురించే.

అక్కడితో ఆగిపోయుంటే మనం ఇవాళ ఇతని గురించి మాట్లాడుకోనక్కర్లేదు. ఆగలేదు. సక్కీ వెళ్లిపోయి ఫాబియో కపెల్లో వచ్చాడు, లీగ్ లో 58 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు. బెర్లుస్కోనీ డబ్బు కుమ్మరిస్తున్నాడు, పాపాన్ వచ్చాడు, బోబన్ వచ్చాడు, లెంటీనిని రికార్డు డబ్బు పెట్టి తెచ్చారు, అది కూడా వింగర్ నే. ఇంకోడు ఎవరనుకున్నారు, సవిచెవిచ్, బెల్‌గ్రేడ్ పొగమంచులో ఆ చెల్లని గోల్ కొట్టిన కుర్రాడే. వీళ్లందరూ వస్తున్నా పెద్ద మ్యాచ్ వచ్చేసరికి లిస్టులో డొనడోని ఉంటాడు. చాంపియన్స్ లీగ్ (యూరోపియన్ కప్ కే కొత్త పేరు) 1993 మ్యూనిక్ ఫైనల్ లో ఉన్నాడు, మార్సే చేతిలో ఓడారు. 1994 ఏథెన్స్ లో ఉన్నాడు. 1995 వియన్నాలో అయాక్స్ మీద ఓడిన ఫైనల్ లోనూ ఉన్నాడు. వరసగా మూడేళ్లు మూడు ఫైనల్స్.

ఏథెన్స్ గురించి రాయకపోతే ఈ పోస్ట్ దండగ. 1994 మే 18. ఎదురుగా క్రైఫ్ కోచ్ గా ఉన్న బార్సిలోనా, రొమారియో, స్టోయ్‌చ్‌కోవ్, అందరూ వాళ్లే గెలుస్తారన్నారు. మిలాన్ కి బరేసి, కొస్టాకుర్టా ఇద్దరికీ సస్పెన్షన్, వాన్ బాస్టెన్ గాయంతో లేనే లేడు. 22వ నిమిషంలో సవిచెవిచ్ పాస్ ఇస్తే మస్సారో కొట్టాడు, 1-0. ఫస్ట్ హాఫ్ అయిపోవస్తోంది, అందరూ లోపలికి వెళ్లే ఆలోచనలో ఉన్నారు. మిలాన్ నింపాదిగా బాల్ తిప్పుతోంది. ఎడమవైపు డొనడోనికి వచ్చింది. అతను గోల్ లైన్ దాకా తీసుకెళ్లిపోయాడు, ఇంక అడుగేస్తే బాల్ బయటికే. అక్కడ చాలామంది వింగర్లు కళ్లు మూసుకుని గోల్ ముందుకి కొట్టేస్తారు. ఇతను తలెత్తాడు, చూశాడు, వెనక్కి, పరిగెత్తుకొస్తున్న మస్సారో కాలి ముందుకి నేల మీద నెట్టాడు. మస్సారో ఆపకుండానే కొట్టాడు. 2-0. సెకండ్ హాఫ్ మొదలవగానే సవిచెవిచ్ గోల్‌కీపర్ మీదుగా లేపిన గోల్ తో 3-0, తర్వాత డెసాయి 4-0. జనం చూపించేది సవిచెవిచ్ గోలే, అది అద్భుతమే. నాకు మాత్రం ఆ ఎడమ మూల మీద తలెత్తి చూసిన క్షణమే ఆ మ్యాచ్.

నెల తర్వాత అమెరికాలో వరల్డ్ కప్. నేషనల్ కోచ్ ఇప్పుడు సక్కీ, పాత గురువే. మొదటి మ్యాచ్ న్యూయార్క్ పక్కన జైంట్స్ స్టేడియంలో, ఐర్లండ్ చేతిలో 1-0 ఓటమి. అక్కణ్ణుంచి బాజ్జో మోసుకుంటూ ఫైనల్ దాకా తీసుకొచ్చాడు. జులై 17, బ్రెజిల్ తో ఫైనల్, పాసడేనాలో మండే ఎండ, మనకి రాత్రి ఒంటిగంట. 120 నిమిషాలు 0-0. డొనడోని మొత్తం ఆడాడు. పెనాల్టీల్లో ఇటలీ తరఫున ఐదుగురిలో అతను లేడు, బరేసి, మస్సారో, బాజ్జో ముగ్గురివీ పోయాయి, అందులో ఇద్దరు అతనితో ఏళ్ల తరబడి మిలాన్ లో ఆడినవాళ్లే. బాజ్జో తల వంచుకుని నిలబడిన ఫొటో ప్రపంచమంతా తెలుసు. ఆ రోజు నేపుల్స్ ఏంటో తెలిసినవాడు ఆ గ్రౌండ్ లో పక్కనే ఉన్నాడు కదా అని నేను అనుకున్నాను, ఇప్పటికీ ఆ ఫొటో చూస్తే అదే అనిపిస్తుంది.

1996లో అమెరికాలో కొత్త లీగ్ మొదలైంది, మొదటి సీజన్ లోనే డొనడోని న్యూయార్క్ టీమ్ మెట్రోస్టార్స్ కి వెళ్లాడు. హోమ్ గ్రౌండ్ అదే జైంట్స్ స్టేడియం. ఆ ఏడాది లీగ్ బెస్ట్ ఎలెవన్ లో ఉన్నాడు, అక్కణ్ణుంచే వెళ్లి యూరప్ దేశాల కప్ యూరో 96 ఆడాడు, ఇటలీ గ్రూప్ లోనే ఇంటికొచ్చేసింది, అతని ఇటలీ ఆట అక్కడితో సరి. మొత్తం 63 మ్యాచ్‌లు, 5 గోల్స్. మరుసటేడు మెట్రోస్టార్స్ కి కోచ్ గా వచ్చింది ఎవరో తెలుసా, కార్లోస్ అల్బెర్టో పరేరా, పాసడేనాలో బ్రెజిల్ ని గెలిపించిన కోచ్! తర్వాత మళ్లీ మిలాన్ కి తిరిగొచ్చాడు, 1999లో కోచ్ జక్కెరోని కింద ఆరో లీగ్ టైటిల్ చూశాడు, ఒక సీజన్ సౌదీలో అల్ ఇత్తిహాద్ కి ఆడి బూట్లు విప్పేశాడు.

కోచ్ గా మొదలుపెట్టింది మాత్రం కిందనుంచి. అంత పేరున్న క్లబ్ నుంచి వచ్చినవాళ్లకి సాధారణంగా పెద్ద టీమే దొరుకుతుంది, ఇతను 2001లో లెక్కో అనే థర్డ్ డివిజన్ టీమ్ కి వెళ్లాడు. తర్వాత సెరీ బి లో లివోర్నో. జెనోవాలో కొన్ని మ్యాచ్‌లకే తీసేశారు. 2005 జనవరిలో లివోర్నో వాళ్లే మళ్లీ పిలిచారు, ఈసారి సెరీ ఆ. ఎన్నో ఏళ్ల తర్వాత పైకొచ్చిన రేవు పట్టణం టీమ్, క్రిస్టియానో లుకరెల్లి అని అక్కడే పుట్టిన స్ట్రైకర్, ఆ సీజన్ లో 24 గోల్స్ తో లీగ్ టాప్ స్కోరర్. తొమ్మిదో స్థానంలో నిలిచారు. మరుసటి సీజన్ ఇంకా బాగా నడుస్తుండగా క్లబ్ ప్రెసిడెంట్ బహిరంగంగా విమర్శలు మొదలుపెట్టేసరికి 2006 ఫిబ్రవరిలో తనే రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఆ పని నాకు నచ్చింది.

ఐదు నెలలకి ఇటలీ నేషనల్ టీమ్. మార్సెల్లో లిప్పి వరల్డ్ కప్ గెలిచి దిగిపోయాడు, ఆ కుర్చీలో కూర్చోవడం అంటే ఎవరికైనా ముళ్ల మీద కూర్చోవడమే. ఇటలీలో అప్పుడు ఫిక్సింగ్ కేసులు, ఫెడరేషన్ అంతా గందరగోళం. మొదటి మ్యాచ్ లివోర్నోలోనే పెట్టారు, క్రొయేషియా చేతిలో 0-2. తర్వాత లిథువేనియాతో డ్రా, పారిస్ లో ఫ్రాన్స్ చేతిలో 1-3. పేపర్లన్నీ మీద పడ్డాయి. అక్కణ్ణుంచి నెమ్మదిగా కూడదీసుకుని, 2007 నవంబర్ లో గ్లాస్గో వానలో స్కాట్లండ్ మీద ఆఖరి నిమిషంలో పనూచ్చి తలతో కొట్టిన గోల్ తో యూరోకి అర్హత, గ్రూప్ లో ఫ్రాన్స్ కంటే పైన.

యూరో 2008 మొదలవకముందే ప్రాక్టీస్ లో కెప్టెన్ కన్నవారోకి గాయం, టోర్నమెంట్ కే దూరం. మొదటి మ్యాచ్ బెర్న్ లో నెదర్లాండ్స్ తో, అటు బెంచ్ మీద కోచ్ ఎవరు? మార్కో వాన్ బాస్టెన్. చేతులు కలుపుకున్నప్పుడు నా కళ్ల ముందు శాన్ సిరో కదిలింది. 0-3 పోయింది. రొమేనియాతో 1-1, మన గోల్‌కీపర్ బుఫోన్ వాళ్ల ముటు పెనాల్టీ ఆపకపోతే అక్కడే ఇంటికి. ఫ్రాన్స్ మీద 2-0. క్వార్టర్స్ లో స్పెయిన్, పిర్లో, గట్టూసో ఇద్దరికీ సస్పెన్షన్. ఆ మ్యాచ్ నేను మా ఫ్లాట్ లో ఒక్కణ్ణే చూశాను, బాబాయ్ అప్పటికి రిటైరై కాజీపేటలో ఉన్నాడు, హాఫ్ టైమ్ కొకసారి ఫోన్. 120 నిమిషాలు 0-0. ఆ టోర్నీ నాకౌట్ లో స్పెయిన్ కి గోల్ ఇవ్వని టీమ్ ఇటలీ ఒక్కటే, తర్వాత సెమీస్ లో రష్యాకి మూడు కొట్టారు, ఫైనల్ లో జర్మనీని ఓడించి కప్ తీసుకెళ్లారు. పెనాల్టీలు అనగానే ఫోన్ లో బాబాయ్ "మళ్లీనా" అన్నాడు. డి రోసీది, డి నటాలేది స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ ఆపేశాడు. ఆటగాడిగా రెండు వరల్డ్ కప్పులు, కోచ్ గా ఒక యూరో, మూడూ పెనాల్టీల మీదే పోయాయి ఈ మనిషికి. నాలుగు రోజులకి ఉద్యోగం తీసేశారు, లిప్పిని వెనక్కి తెచ్చారు. రెండేళ్ల తర్వాత వరల్డ్ కప్ లో అదే లిప్పి టీమ్ ఒక్క మ్యాచ్ గెలవకుండా గ్రూప్ లోనే వెనక్కి వచ్చింది, అప్పుడు డొనడోని పేరు ఎవరూ తలవలేదు.

నాపోలి కొన్ని నెలలు, కాల్యారి ఒక సీజన్ కి తక్కువ, అవి వదిలేస్తున్నా. పార్మా దగ్గరికొస్తా.

2012 జనవరిలో పార్మాకి వెళ్లాడు. ఆ సీజన్ చివర వరసగా ఏడు మ్యాచ్‌లు గెలిచి ఎనిమిదో స్థానం. 2013-14లో 17 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు, ఆఖరి రోజు లివోర్నో మీద 2-0 గెలిచి ఆరో స్థానం, అంటే యూరప్ లో రెండో స్థాయి కప్, యూరోపా లీగ్. సంబరాలు అయిపోయాయి, తర్వాత తెలిసింది, క్లబ్ వాళ్లు ఆదాయపన్ను కట్టాల్సిన టైమ్ కి కట్టలేదు కాబట్టి యూరప్ లైసెన్స్ ఇవ్వం అన్నారు. మైదానంలో సంపాదించింది ఆఫీసు కాగితాల్లో పోయింది. ఆ సీటు టొరినోకి ఇచ్చారు. అది మొదలు. మరుసటి సీజన్ కి జీతాలు ఆగిపోయాయి. స్ట్రైకర్ కస్సానో జనవరిలో ఒప్పందం రద్దు చేసుకుని వెళ్లిపోయాడు. ఓనర్ క్లబ్ ని అమ్మేశాడు, కొన్నవాడు వెంటనే ఇంకొకడికి ఒక్క యూరోకి అమ్మాడు, ఆ కొన్నవాణ్ణి మార్చిలో పోలీసులు అరెస్ట్ చేశారు, మర్నాడే కోర్టు క్లబ్ దివాలా అని ప్రకటించింది. అప్పులు 200 మిలియన్ యూరోలకు పైన. స్టేడియంలో సెక్యూరిటీకి ఇవ్వడానికి డబ్బుల్లేక ఒక హోమ్ మ్యాచ్ వాయిదా పడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను పనిచేసే చిన్న కంపెనీలో కూడా జీతాలు ఆగాయి, పైనున్నవాళ్లు ఒక్కొక్కరే వేరే చోట చూసుకుని జారుకున్నారు, మాకు జవాబు చెప్పేవాడు కూడా లేడు. అందుకే పార్మా వార్తలు నాకు ఆట వార్తల్లా అనిపించేవి కావు, పొద్దున లేవగానే ఫోన్ లో ముందు అవే చూసేవాణ్ణి. డొనడోనికి జీతం లేదు. ఇటలీని నడిపిన కోచ్, వెళ్తానంటే ఎవరూ తప్పుపట్టరు. రోజూ వచ్చి ప్రాక్టీస్ చేయించాడు. కెప్టెన్ అలెస్సాండ్రో లుకరెల్లి, లివోర్నోలో ఇతని స్ట్రైకర్ గా ఆడిన క్రిస్టియానోకి తమ్ముడు, డ్రెస్సింగ్ రూమ్ ని పట్టుకుని నిలబెట్టాడు. చివరికి లీగ్ కొంచెం డబ్బు సర్దితే మిగతా మ్యాచ్‌లు ఆడారు.

2015 ఏప్రిల్ 11. లీగ్ లో అడుగున ఉన్న, జీతాల్లేని పార్మా, పైన ఉన్న జూవెంటస్. ఆ జూవెంటస్ ఆ ఏడాది లీగ్ గెలిచింది, చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. హోసే మౌరి అనే 18 ఏళ్ల కుర్రాడు గోల్ కొట్టాడు, 1-0, పార్మా గెలిచింది. నేను వెంటనే బాబాయ్ కి ఫోన్ చేశాను, జీతాల్లేని టీమ్ జూవెంటస్ ని కొట్టింది బాబాయ్ అని. "కోచ్ ఎవర్రా" అన్నాడు. చెప్పాను. ఒక నిమిషం నవ్వాడు, "మన సన్నటోడేనా, ఇంకా అక్కడే ఉన్నాడా" అన్నాడు. ఉన్నాడు, మే నెలాఖరు ఆఖరి మ్యాచ్ దాకా ఉన్నాడు. పాయింట్లు కోసేశారు, అట్టడుగున ముగించారు, క్లబ్ నాలుగో డివిజన్ నుంచి కొత్త పేరుతో మొదలుపెట్టాల్సొచ్చింది. లుకరెల్లి అక్కడికీ వెళ్లాడు, మూడేళ్లు వరసగా పైకెక్కి 2018లో పార్మాని మళ్లీ సెరీ ఆ లోకి తెచ్చి రిటైరయ్యాడు.

డొనడోని ఆ తర్వాత 2015 అక్టోబర్ లో బొలోన్యాకి వెళ్లి 2018 దాకా ఉన్నాడు, తర్వాత చైనాలో షెన్‌జెన్ టీమ్. బొలోన్యా రోజుల్లో మాకు పాప పుట్టింది, రాత్రుళ్లు మ్యాచ్‌లు కుదరలేదు, స్కోర్లు చూడడం తప్ప ఆట చూడలేదు. మనవాళ్లు యూరప్ లో చదువుకునేవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు ఎవరైనా ఆ మూడేళ్లలో బొలోన్యా స్టేడియంకి వెళ్లి ఉంటే, బెంచ్ దగ్గర అతను ఎలా ఉండేవాడో, కుర్ర వింగర్లతో ఏం మాట్లాడేవాడో, గుర్తున్నంతవరకు రాయండి. బాబాయ్ కి చదివి వినిపిస్తాను.